లోన్ ఏజెంట్ వదలడం లేదా? ఫీజు ఇవ్వాలో వద్దో ఇలా తేల్చుకోండి

అడ్వాన్స్ చెక్కు ఇచ్చి, సైట్ ఆఫీసు నుంచి బయటికొచ్చి బండి తాళం తీస్తుండగానే మొదటి ఫోన్ వచ్చింది. "సార్, తెల్లాపూర్‌లో ఫ్లాట్ తీసుకున్నారట కదా, లోన్ మనమే చేయిద్దాం." నా నంబర్ రాసింది ఆ ఆఫీసు విజిటర్ బుక్కులో మాత్రమే. రాత్రి పడుకునేలోపు తొమ్మిది కాల్స్. అందరూ "మనమే" అనేవాళ్లే. ఆ మాటకు మెత్తబడి ఒకతనికి పాన్ కార్డు ఫోటో పంపాను. "జస్ట్ ఎలిజిబిలిటీ చూడ్డానికి సార్" అంటే ఓటీపీ కూడా చెప్పాను.

రెండు రోజుల్లో నాలుగు లోన్ సంస్థలు నా క్రెడిట్ రిపోర్టు, అంటే అప్పుల చిట్టా, తీసినట్టు మెసేజీలు వచ్చాయి. తర్వాత నా జీతం పడే బ్యాంకుకు వెళ్తే, అక్కడి ఆఫీసర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఇన్ని చోట్ల ఎందుకు అప్లై చేశారండీ?" నేను ఒక్కచోట కూడా చేయలేదని ఆయనకు నమ్మకం కలిగించడానికి అరగంట పట్టింది. మీకు ఆ అరగంట తప్పించాలనే ఇది రాస్తున్నాను. హైదరాబాద్ సంగతులే ఎక్కువగా ఉంటాయి గానీ విజయవాడ, విశాఖ, వరంగల్‌లో కొనేవాళ్లకూ తతంగం ఇదే.

1. ముందు, అవతలివాడు ఎవరి మనిషో తేల్చండి

ఫోన్‌లో అందరూ "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అనే అంటారు. నిజానికి వీళ్లలో నాలుగు రకాలున్నారు. బ్యాంకు జీతమిచ్చే సేల్స్ ఉద్యోగి ఒకరు. బ్యాంకుతో ఒప్పందం ఉన్న డీఎస్ఏ, అంటే కమిషన్ మీద పనిచేసే ఏజెంట్, రెండో రకం. ఆ డీఎస్ఏకి పేర్లు, నంబర్లు అందించి వాటా తీసుకునే కనెక్టర్ మూడో రకం. బిల్డర్ ఆఫీసులోనే కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి నాలుగోవాడు, ఇతను పై మూడింటిలో ఏదైనా కావచ్చు.

తేల్చుకోవడానికి ఒకే ప్రశ్న చాలు: "మీకు డబ్బు ఎవరిస్తారు?" మొహమాటపడకుండా అడగండి. డీఎస్ఏకి బ్యాంకు కమిషన్ ఇస్తుంది. మీ చేతికి, అంటే బిల్డర్ ఖాతాకు, లోన్ విడుదలైన మొత్తం మీద ఆ లెక్క కడతారు. శాతం బ్యాంకును బట్టి మారుతుంది. అర శాతం అనుకున్నా 50 లక్షల లోన్‌కు 25 వేలు. అందులో తప్పేమీ లేదు, తిరిగినందుకు కూలి. కానీ లోన్ ఎంత పెద్దదైతే అంత కమిషన్, ఎంత త్వరగా విడుదలైతే అంత త్వరగా చేతికొస్తుంది. నెలాఖరులో ఫోన్లు ఎందుకు జోరందుకుంటాయో, "ఇంకో ఐదు లక్షలు ఎక్కువ పెట్టుకోండి సార్, ఇంటీరియర్స్‌కి పనికొస్తాయి" అనే సలహా ఎక్కడ పుడుతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక్కడ పట్టుకోవలసిన సంగతి ఒకటుంది. మీ ఫైలు బ్యాంకుకు చేర్చినందుకు అతనికి బ్యాంకు ఇప్పటికే డబ్బిస్తోంది. అదే పనికి మిమ్మల్ని మళ్లీ అడిగితే, బ్యాంకు డబ్బివ్వని పని అతను ఏం చేస్తున్నాడో చూపించాలి. ఫీజు లెక్కంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఆరో అడుగులో మళ్లీ దీనికే వస్తాను.

2. ఫోన్ ఎత్తే ముందు మీ ఇంటిపని మీరు చేసుకోండి

ఒక ఆదివారం పొద్దున సరిపోతుంది. మన అప్పుల చిట్టా రాసి, స్కోరు వేసే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ముందుగా కనీసం ఒకటి తీసి చూడండి. ఎప్పుడో మూసేసిన క్రెడిట్ కార్డు బాకీ ఉన్నట్టు కనిపిస్తుంటే ఇప్పుడే సరిచేయించుకోవాలి. స్కోరు 750 దాటి ఉంటే, జీతం మీద బతికేవాళ్లైతే, "మీ ప్రొఫైల్‌కి ఎక్కడా రాదు సార్" అన్న బెదిరింపు మీ దగ్గర పనిచేయదు.

తర్వాత ఎంత లోన్ వస్తుందో చూసుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు లోన్‌కు ఆస్తి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం, 75 లక్షలు దాటితే 75 శాతమే ఇవ్వొచ్చు. పెద్ద మొత్తాలకు రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ ఆ విలువలో కలపరు. అంటే అవి మీ జేబులోంచే. "హండ్రెడ్ పర్సెంట్ ఫండింగ్ చేయిస్తా" అని ఏ ఏజెంటైనా అంటే, విలువ పెంచి రాయడమో, పక్కన ఒక పర్సనల్ లోన్ తగిలించడమో చేస్తాడని అర్థం చేసుకోండి.

ఆఖరుగా రెండు బ్యాంకులకు స్వయంగా వెళ్లండి. ఒకటి మీ జీతం ఖాతా ఉన్నది, ఇంకొకటి ఏదైనా ప్రభుత్వ బ్యాంకు. రేటు, ఖర్చులు కాగితం మీద రాయించుకోండి. ఈ కాగితం ఉంటే, ఏజెంటు చెప్పే ప్రతి మాటనూ దాని పక్కన పెట్టి చూడొచ్చు.

3. ఫోన్‌లో ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు

పాన్, ఆధార్, ఓటీపీ, పే స్లిప్పులు మొదటి కాల్‌లో ఎవరికీ ఇవ్వొద్దు. ఎవరైనా సరే. ఊరు, ఆస్తి విలువ, జీతం సుమారుగా చెబితే రేటు చెప్పడానికి అవి చాలు. "పాన్ లేకుండా రేటు చెప్పలేం సార్" అంటే, "ఏ స్కోరుకు ఏ రేటో పట్టీ ఉంటుంది కదా, అది పంపండి" అనండి.

నేనైతే ఒక మెసేజ్ రాసి ఫోన్‌లో దాచుకుని, కాల్ చేసిన ప్రతివాడికీ అదే పంపేవాణ్ని:

"మీ పేరు, ఏ బ్యాంకుకు డీఎస్ఏ, మీ కోడ్. రేటు ఎంత, రెపో మీద స్ప్రెడ్ ఎంత. ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి ఎంత. లీగల్, వాల్యుయేషన్ చార్జీలు. ఇన్సూరెన్స్ ఏమైనా ఉందా. మీ ఫీజు. ఇవన్నీ వాట్సాప్‌లో రాసి పంపండి, చూసి నేనే కాల్ చేస్తాను."

రెపో అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు, స్ప్రెడ్ అంటే దాని మీద బ్యాంకు కలుపుకునే శాతం. తొమ్మిది మందిలో జవాబిచ్చింది ఇద్దరు. మిగతా ఏడుగురి ఫోన్లు వాటంతట అవే ఆగిపోయాయి.

ఆగకపోతే? డీఎస్ఏల కోసం బ్యాంకుల సంఘం తయారుచేసిన నియమావళి ప్రకారం, మామూలుగా ఉదయం 9:30 నుంచి రాత్రి 7 గంటల మధ్యే ఫోన్ చేయాలి. కస్టమర్ల దగ్గర బహుమతులు, లంచాలు తీసుకోకూడదని కూడా అందులోనే ఉంది. "ఏ బ్యాంకు తరఫున చేస్తున్నారో చెప్పండి, బ్రాంచ్ మేనేజర్‌కు మెయిల్ పెడతాను" అన్న ఒక్క మాటతో చాలామంది తగ్గుతారు. అయినా విసిగిస్తే 1909కి ఫిర్యాదు చేయండి. కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు చేయాలి.

4. తొందరపెట్టే మాటలు, వాటికి జవాబులు

"ఈ నెలాఖరు దాకే ఈ రేటు." రేటు స్కీములకు గడువు ఉండే మాట నిజమే. అయితే ఆ గడువు బ్యాంకు ప్రకటనలో కనిపించాలి, చూపించమనండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు, కానీ దీపం ఎవరిదో చూసుకోవాలి కదా. చాలాసార్లు ఆ నెలాఖరు అతని టార్గెట్‌ది.

"బిల్డర్ ఈ బ్యాంకునే ఒప్పుకుంటాడు." ఒక ప్రాజెక్టును ముందే పరిశీలించి ఆమోదించిన బ్యాంకుల జాబితా ఉంటుంది. ఏపీఎఫ్ అంటారు. ఆ జాబితాలో ఉన్న బ్యాంకులో పని త్వరగా అవుతుంది. అంతేగానీ జాబితాలో ఒకే పేరు ఉండటం అరుదు. బిల్డర్ ఆఫీసులో పూర్తి జాబితా అడగండి. నాకు ఒకటే పేరు చెప్పిన ప్రాజెక్టుకు, అడిగాక ఏడు బయటపడ్డాయి.

"శాంక్షన్ అయిపోయింది, ఇప్పుడు వద్దంటే సిబిల్ పడిపోతుంది." శాంక్షన్ అయిన లోన్ తీసుకోకపోవడం ఎగవేత కిందకు రాదు. రిపోర్టు తీసిన జాడ మాత్రం ఉంటుంది, అది ఎలాగూ ఇప్పటికే నమోదైంది. మీరు పోగొట్టుకునేది లాగిన్ ఫీజు, అంటే ఫైలు బ్యాంకులో పెట్టడానికి కట్టిన డబ్బు. నాలుగైదు వేలు పోతాయన్న బాధతో ఇరవయ్యేళ్ల అప్పుకు తలొంచకండి.

"జీతం తక్కువ ఉంది, పే స్లిప్ కొంచెం అడ్జస్ట్ చేద్దాం." ఈ మాట విన్న క్షణం ఫోన్ పెట్టేయండి. దొంగ కాగితం మీద సంతకం మీది. బ్యాంకు కేసు పెడితే ఏజెంటు నంబర్ స్విచాఫ్.

5. కేఎఫ్ఎస్ చూడకుండా సంతకం వద్దు

2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే ప్రతి రిటైల్ లోన్‌కూ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (కేఎఫ్ఎస్) అనే పత్రం ఇవ్వడం తప్పనిసరి. బ్యాంకైనా, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయినా ఇవ్వాల్సిందే. మీకు అర్థమయ్యే భాషలో ఉండాలని కూడా రిజర్వ్ బ్యాంకు చెప్పింది, కాబట్టి తెలుగులో అడగొచ్చు. వడ్డీ, ఫీజులు, లీగల్ ఖర్చులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఏడాదికి మీకు నిజంగా పడే రేటును అందులో ఏపీఆర్ అని చూపిస్తారు. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువుంటుంది. అందులో లేని చార్జీని మీరు ఒప్పుకోకుండా తర్వాత వసూలు చేయకూడదు.

ఈ పత్రం నాకెలా పనికొచ్చిందో చెబుతాను. నేను అడిగింది 50 లక్షలు. శాంక్షన్ లెటర్‌లో 51,50,000 ఉంది. ఏజెంటు మొదటి పేజీ చూపించి, మూడో పేజీ దగ్గర పెన్ను పట్టుకుని రెడీగా నిలబడ్డాడు. నేను రెండో పేజీకి తిప్పాను. "లోన్ ప్రొటెక్షన్ ప్లాన్, సింగిల్ ప్రీమియం, 1,50,000."

"ఇదేంటి బాబూ?"

"కంపల్సరీ సార్. అది లేకుంటే సిస్టమ్ తీసుకోదు."

"ఆ మాటే మీ బ్యాంకు మెయిల్ నుంచి రాసి పంపు, సంతకం పెడతాను."

మెయిల్ రాలేదు. రెండు రోజుల తర్వాత 50 లక్షలకు, అదే రేటుకు, కొత్త లెటర్ వచ్చింది. సిస్టమ్ తీసుకుంది.

లక్షన్నరే కదా అనుకోకండి. దాన్ని లోన్‌లో కలిపితే, 8 శాతం చొప్పున 20 ఏళ్లకు నెలకు సుమారు 1,255 రూపాయలు, మొత్తం మూడు లక్షల పైమాట. లోన్ కావాలంటే ఫలానా బీమా కొనాల్సిందేనన్న చట్టం ఏదీ లేదు. ఇంటి పెద్దకు బీమా ఉండటం మంచిదే, అయితే విడిగా టర్మ్ పాలసీ తీసుకుని పోల్చుకోండి. ఇప్పటికే అంటగట్టి ఉంటే, పాలసీ చేతికందిన 30 రోజుల్లోపు ఫ్రీ లుక్ కింద, అంటే నచ్చకపోతే రద్దు చేసుకునే గడువులో, వెనక్కివ్వొచ్చు.

ఇంకోటి కూడా ఇదే పత్రంలో చూడండి: రేటు దేనికి ముడిపడి ఉంది? బ్యాంకులైతే 2019 అక్టోబర్ నుంచి ఫ్లోటింగ్ హోమ్ లోన్లను బయటి ప్రమాణానికి, ఎక్కువగా రెపోకు ముడిపెట్టాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు, వాళ్ల సొంత రేటు వాళ్లది. 2025లో రెపో 6.5 నుంచి 5.25కి దిగింది. రెపోకు ముడిపడ్డ లోన్లలో ఆ తగ్గుదల మూడు నెలల్లోపు కనిపించాలి. సొంత రేటు వాళ్లు ఎప్పుడు, ఎంత తగ్గిస్తారన్నది వాళ్ల ఇష్టం. ఏజెంటు ఎంతో గట్టిగా సిఫారసు చేసే సంస్థ ఈ సొంత రేటు రకం అయితే, కారణం కమిషన్ కావచ్చేమో అని ఒక్కసారి అనుమానించండి.

6. ఫీజు ఇవ్వాలా? లెక్క వేద్దాం

నన్ను ఒకతను ఒక శాతం అడిగాడు. "మీ బ్యాంకు కంటే పావు శాతం తక్కువకు చేయిస్తా సార్." 50 లక్షల మీద ఒక శాతం అంటే 50 వేలు. 20 ఏళ్లకు 8.25 శాతం అయితే ఈఎంఐ సుమారు 42,603. 8 శాతం అయితే 41,822. నెలకు 781 రూపాయలు మిగులుతాయి. ఆ 50 వేలు తిరిగి రావడానికి 64 నెలలు, అంటే ఐదేళ్లు దాటుతుంది. ఈలోపు మీ బ్యాంకే రేటు తగ్గించవచ్చు, మీరు కొంత ముందే కట్టేయవచ్చు, ఫ్లాట్ అమ్మేయవచ్చు. అసలు ఆ పావు శాతం అతను తెచ్చిందేనా? అదే బ్యాంకు బ్రాంచికి నేరుగా వెళ్లి అడిగితే నాకు అదే రేటు చెప్పారు. జీతం, మంచి స్కోరు, ఆమోదం ఉన్న ప్రాజెక్టు, ఈ మూడూ ఉన్నవాళ్లు రేటు కోసం ఏజెంటుకు రూపాయి ఇవ్వనక్కర్లేదని నా అభిప్రాయం.

అలాగని ఫీజు ఎప్పుడూ దండగేనా? కాదు. మా పెద్దమ్మ కొడుక్కి చిన్న హార్డ్‌వేర్ షాపు. రెండేళ్లు ఐటీ రిటర్నులు సరిగా వేయలేదు, జీఎస్టీ లెక్క ఒకచోట, కరెంట్ ఖాతా ఇంకోచోట. రెండు బ్యాంకులు తిప్పి పంపాయి. ఒక ఏజెంటు 15 వేలు తీసుకుని, నెలన్నర పాటు ఆడిటర్ దగ్గరికి, బ్యాంకుకు తిరిగి, ఏ బ్యాంకు అమ్మకాల లెక్కను ఆదాయంగా చూస్తుందో వెతికి, పని పూర్తి చేశాడు. మావాడే అన్ని రోజులు షాపు మూసుకుని తిరిగి ఉంటే అంతకు మించి పోయేది. అది న్యాయమైన కూలి.

అమెరికాలోనో లండన్‌లోనో ఉండి ఇక్కడ కొనేవాళ్లదీ అలాంటి సంగతే. పవర్ ఆఫ్ అటార్నీ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీల సర్టిఫికెట్) తీయించాలి, రిజిస్ట్రేషన్ రోజు ఎవరో ఒకరు నిలబడాలి. నాన్నగారిని ఎండలో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిప్పే బదులు ఒక మనిషికి డబ్బివ్వడం మేలు. కానీ శాతం లెక్కన వద్దు. 50 లక్షల ఫైలుకు, 90 లక్షల ఫైలుకు తిరగాల్సిన తిరుగుడు ఒకటే. ఏ పనికి ఎంతో అంకె మాట్లాడుకోండి.

ఫీజు అడిగే మూడో రకం కేసు దగ్గర ఆగాలి. పంచాయతీ లేఅవుట్, ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కాని ప్లాటు, ఒక లింకు డాక్యుమెంటు దొరకని ఇల్లు. "మామూలు బ్యాంకులు ఇవ్వవు సార్, నా దగ్గర ఇచ్చేవాళ్లున్నారు, రెండు శాతం." ఇతను అబద్ధం చెప్పకపోవచ్చు, ఇప్పించనూవచ్చు. కానీ ఇద్దరు బ్యాంకు లాయర్లు వద్దన్న ఆస్తికి మూడో లాయర్‌ను వెతకడం మీ పనా? ఆ రెండు శాతంలో చిన్న ముక్క ఒక సొంత లాయర్‌కు ఇచ్చి, వాళ్లెందుకు వద్దన్నారో రాయించుకోండి. లోన్ వచ్చిందంటే స్థలం మంచిదేనన్న ధీమా కూడా వద్దు. చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దులో, ఉందా లేదా అన్నది మీరు విడిగా చూసుకోవాల్సిందే.

7. ఇచ్చేట్టైతే ఇలా ఇవ్వండి

ముందే మొత్తం ఇవ్వొద్దు. మరీ అడిగితే కొంచెం చేతిలో పెట్టి, మిగతాది లోన్ విడుదలయ్యాక. ఏమేం పనులు చేస్తాడో వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. డబ్బు అతని సంస్థ ఖాతాకు పంపి రసీదు తీసుకోండి. ప్రాసెసింగ్ ఫీజు బ్యాంకుకే నేరుగా కట్టండి, ప్రభుత్వానికి పోయే ఎంఓడీ (దస్తావేజులు బ్యాంకులో తాకట్టు పెట్టే పత్రం) చార్జీలకు చలానా కాపీ అడగండి. "అన్నీ కలిపి నాకు ఫోన్‌పే చేసేయండి, నేను చూసుకుంటా" అంటే, చూసుకోవాల్సింది మీరే అన్నమాట. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాల సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

8. ఏడాది తిరిగాక మళ్లీ ఫోన్ వస్తుంది

"సార్, మీ లోన్ వేరే బ్యాంకుకు మార్చుకుంటే తక్కువ రేటు." బీటీ, అంటే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, అంటారు. మార్చినందుకు అతనికి మళ్లీ కమిషన్. మీకు మళ్లీ ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్, ఎంఓడీ. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ హోమ్ లోన్ ముందుగా తీర్చేస్తే పెనాల్టీ ఉండదు, కాబట్టి వెళ్లే దారి తెరిచే ఉంది. కానీ గడప దాటే ముందు సొంత బ్యాంకును అడగండి. పాత కస్టమర్లకు స్ప్రెడ్ తగ్గించే విషయంలో మూడేళ్లు ఆగనక్కర్లేదని 2025 అక్టోబర్ నుంచి బ్యాంకులకు వెసులుబాటు వచ్చింది. అడగందే అమ్మైనా పెట్టదు, బ్యాంకు అసలే పెట్టదు.

ఏజెంటు మోసం చేశాడనిపిస్తే ముందు అతను పనిచేసే బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు, ఖర్చేమీ ఉండదు. వివరాలకు 14448. అప్పుడు వాట్సాప్‌లో రాయించుకున్నవన్నీ పనికొస్తాయి.

నాకు బీటీ ఫోన్ పద్నాలుగో నెలలో వచ్చింది. అతను పంపిన రేటు ప్రింటు తీసుకుని మా బ్రాంచికి వెళ్లి, తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాశాను: నా లోన్ నంబర్, ఇప్పటి రేటు, బయట ఇస్తామంటున్న రేటు, "స్ప్రెడ్ తగ్గించకపోతే ఫోర్‌క్లోజర్ లెటర్ ఇప్పించగలరు." అంటే లోన్ మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పే పత్రం. రేటు మార్చినందుకు కన్వర్షన్ ఫీజు కట్టించుకుని పది రోజుల్లో తగ్గించారు. ఆ కాగితం కాపీ మీద బ్రాంచి స్టాంపు, తేదీ వేయించుకోవడం మర్చిపోకండి.